గడువు తీరిన పిలుపు

ఆఫీసుకి రంగులు వేస్తున్నారు. పని పూర్తయ్యేదాకా ఎవరిళ్ల నుంచి వాళ్లు పని చేసుకోండని మేనేజరు చెప్పాడు. ఏ రోజూ వేళకి రాని మహానుభావులు కూడా ఆ ఒక్క మాటని మాత్రం తు.చ. తప్పకుండా పాటించారు. దాంతో ఆ పెద్ద హాలు బోసిపోయింది. కుర్చీల మీద, కంప్యూటర్ల మీద, మూలనున్న కాఫీ మెషీను మీద పాత దుప్పట్లు కప్పేశారు. నేలంతా పేపర్లు పరిచారు. కిటికీల బయట పొద్దుటి నుంచీ ముసురు. మధ్యాహ్నమే అయినా లైటు లేకపోతే ఎదుటి మనిషి మొహం కనపడేలా లేదు. తడి పెయింటు వాసన ముక్కులోంచి తలకెక్కి కూర్చుంది.

ఆ హాల్లో ఒకే ఒక్క కంప్యూటర్ మీద దుప్పటి తీసి ఉంది. దాని ముందు కూర్చున్నతన్ని ఆఫీసులో అందరూ సర్దుబాటు అని పిలుస్తారు. అమ్మా నాన్నా పెట్టిన పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ప్రోగ్రాంలో ఏ తప్పు బయటపడినా "దానిదేముంది, సర్దేద్దాం" అంటాడు. సర్దేస్తాడు కూడా. తప్పు ఎక్కడ పుట్టిందో వెతికే ఓపిక ఉండదు గానీ, అది పైకి కనపడకుండా చెయ్యడంలో అతన్ని మించినవాడు లేడు. ఇంట్లోనూ అదే తంతు. కుళాయి కారుతుంటే కింద గిన్నె పెడతాడు. భార్య అలిగితే సినిమాకి పోదామంటాడు. ఎందుకలిగావని మాత్రం అడగడు.

అలాంటి మనిషి ఇవాళ పిలవని పేరంటానికి వచ్చినట్టు ఈ రంగుల మధ్యకి ఎందుకొచ్చాడంటే, ఇంట్లో కూర్చోలేక. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

సంగతేమిటంటే, వాళ్ల కంపెనీ ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కోసం ఒక యాప్ నడుపుతుంది. మంచం పక్కన గోడకి ఒక టాబ్లెట్ బిగిస్తారు. దాని మీద అరచెయ్యంత ఎర్ర బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే దగ్గర్లో డ్యూటీలో ఉన్న నర్సుకి ఫోన్ మోగాలి. ఆ గదిలో వినపడే చప్పుళ్లు కాసేపు రికార్డయి నర్సుకి చేరాలి. నర్సు వచ్చేసరికి ఆ ఇంటి వీధి తలుపుకి పెట్టిన ఎలక్ట్రానిక్ తాళం తెరుచుకుని ఉండాలి.

బటన్ నొక్కగానే టాబ్లెట్ నుంచి కంపెనీ సర్వర్‌కి ఒక రిక్వెస్ట్ వెళుతుంది. వచ్చినవాళ్లనల్లా లోపలికి రానివ్వడానికి సర్వరేమీ ధర్మసత్రం కాదు కదా. ముందు నువ్వెవరని అడుగుతుంది. అప్పుడు చూపించేదే టోకెన్. ఆసుపత్రిలో రోగిని చూడటానికి వెళ్లేవాళ్లకి గేటు దగ్గర ఇచ్చే పాస్ లాంటిది. ఒకసారి పాస్‌వర్డ్ కొడితే టోకెన్ వస్తుంది. ఆ తర్వాత ప్రతి రిక్వెస్ట్‌తోనూ దాన్ని చూపిస్తే చాలు. అయితే పాస్ అన్నాక గడువుంటుంది. గడువు తీరిన టోకెన్ పట్టుకెళితే సర్వర్ నాలుగువందల ఒకటి అనే అంకెని మొహాన కొట్టి తిప్పి పంపుతుంది. నువ్వెవరో నాకు తెలీదు అని దానర్థం. రిక్వెస్ట్ లోపల ఏముందో విప్పి కూడా చూడదు.

అలాంటప్పుడు యాప్ చెయ్యాల్సిందేమిటంటే, చేతిలో ఉన్న రిక్వెస్ట్‌ని కింద పెట్టకుండా, అవతల మనిషిని ఏమీ అడక్కుండా, చల్లగా ఒక కొత్త టోకెన్ తెచ్చుకుని అదే రిక్వెస్ట్‌ని మళ్లీ పంపాలి. సర్దుబాటుకి ఇది తెలీక కాదు. అప్పగించాల్సిన గడువు ముంచుకొచ్చింది. నాలుగువందల ఒకటి వస్తే లాగిన్ పేజీ చూపించి ఊరుకునేలా రాసి చేతులు దులుపుకున్నాడు. పట్టుకెళ్లిన రిక్వెస్ట్ గాలికి పోయింది.

టెస్టింగ్ చేసే అక్క అప్పుడే పట్టుకుంది. "మరి ప్రాణం మీదకొచ్చి ఎర్ర బటన్ నొక్కిన టైముకే గడువు తీరి ఉంటే?"

"సరిగ్గా ఆ టైముకే తీరుతుందా అక్కా? వచ్చే వెర్షన్‌లో సర్దేద్దాంలే."

వచ్చే వెర్షన్ రాకముందే, ఒక మధ్యాహ్నం, ఒక ఇంట్లో మంచాన ఉన్న పెద్దావిడ బటన్ నొక్కింది. టోకెన్ గడువు అప్పటికి కాస్త ముందే తీరింది. టాబ్లెట్ మీద లాగిన్ పేజీ వచ్చింది. పాస్‌వర్డ్ అడిగింది. ఆవిడ ఏదో కొట్టింది, తప్పు. మళ్లీ కొట్టింది, తప్పు. వెనక్కొచ్చి మళ్లీ ఎర్ర బటన్ నొక్కింది. నువ్వెవరో నాకు తెలీదంది సర్వర్. ఆ తర్వాత ఆ టాబ్లెట్ నుంచి ఏ రిక్వెస్టూ రాలేదు. సాయంత్రం కూతురు ఇంటికొచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ కూతురు ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఆ ఇంట్లో తల్లీ కూతుళ్లిద్దరే. కొన్నాళ్లకి ఆవిడ టాబ్లెట్ తిరిగిచ్చేయడానికి ఆఫీసుకొచ్చింది. వేళ్ల సందుల్లో నీలం రంగు ఇంకా అంటుకునే ఉంది. కుర్చీ అంచు మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"తప్పు నాదేనండీ. అమ్మకి పాస్‌వర్డ్ చెప్పానే గానీ ఎక్కడా రాసిపెట్టలేదు. పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించి ఉంటే బతికుండేది. రోజంతా పిల్లల బొమ్మలు గోడలకి అంటించేదాన్ని... ఆ ఒక్క కాగితం అంటించలేకపోయాను."

మేనేజరు తలొంచుకున్నాడు. ఆయనకి నిజంగా తెలీదు. తెలిసినవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. సర్దుబాటు ఒక గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆవిడ చేతికిచ్చి, "మీరు బాధపడకండి టీచర్ గారూ" అన్నాడు. అంతకు మించి నోరు మెదపలేదు. ఆవిడ వెళుతూ వెళుతూ, తాళం తలుపుకే ఉండనివ్వమంది. ఖాతా కూడా అప్పుడే మూసెయ్యొద్దంది. ఫోన్‌లో యాప్ తెరవగానే అమ్మ ఫొటో వస్తుందట.

ఆ సాయంత్రమే అతను తన తప్పుని దిద్దేశాడు. చక్కగా, పద్ధతిగా, ఎలా రాయాలో అలాగే రాశాడు. ఏం మార్చావన్న చోట 'చిన్న సవరణ' అని పెట్టాడు. ఎవరూ అడగలేదు. ఇంటికెళ్లి భార్యతో కూడా చెప్పలేదు. కానీ ఎవరైనా మంచినీళ్లు అడిగితే చాలు, విననట్టు లేచి పక్కకి వెళ్లిపోయేవాడు.

అయిందేదో అయిందనుకుంటుండగా ఫోన్‌కి ఒక హెచ్చరిక వచ్చింది. ఆ ఖాతా నుంచి ఎర్ర బటన్ రిక్వెస్ట్. టోకెన్ గడువు తీరింది. నాలుగువందల ఒకటి.

మర్నాడు మళ్లీ వచ్చింది. అదే మధ్యాహ్నం వేళ. ఆ మర్నాడూ వచ్చింది.

పూర్తి వివరాలు ఆఫీసు కంప్యూటర్‌లో తప్ప కనపడవు. అందుకొచ్చాడు. చూశాడు. అదే టాబ్లెట్, అదే టోకెన్, ఆవిడ పోయిన రోజున చెల్లకుండా పోయిన ఆ టోకెనే. ఎక్కడో ఇరుక్కుపోయిన పాత రిక్వెస్ట్ మళ్లీ మళ్లీ వస్తోందేమో అని తనకి తాను నచ్చజెప్పుకోబోయాడు. ఆ ముచ్చటా తీరలేదు. మళ్లీ పంపే తెలివి కొత్త కోడ్‌కే ఉంది. ఆ టాబ్లెట్‌లో ఉన్నది పాత కోడ్, తను రాసిన దిక్కుమాలిన కోడ్. అది తనంతట తాను దేన్నీ మళ్లీ పంపదు. ప్రతిసారీ ఎవరో ఒకరు బటన్ నొక్కాల్సిందే.

లేచి వెళ్లి వెనక్కొచ్చిన సామాన్ల బీరువా తెరిచాడు. టాబ్లెట్ ప్లాస్టిక్ కవర్లో చుట్టినది చుట్టినట్టే ఉంది. బయటికి తీశాడు. చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. బటన్లన్నీ నొక్కి చూశాడు. నల్లటి అద్దంలో తన మొహం తప్ప ఏమీ కనపడలేదు. నొప్పుల బామ్ వాసన మాత్రం గుప్పుమంది. ఇన్నాళ్లయినా పోలేదనుకుని, గబగబా చుట్టేసి లోపల పెట్టేశాడు.

తిరిగొచ్చి కూర్చుంటే, హాలు అవతలి కొసన గోడకి రంగు వేస్తున్న పెయింటరు నిచ్చెన దిగాడు. చేతులు తుడుచుకుంటూ, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"సార్, టీ తాగొస్తాను. మీ పక్కనున్న పెద్దావిడకి కాస్త చెప్పండి, గోడకి ఆనుకోవద్దని. రంగు ఇంకా పచ్చిగానే ఉంది."

సర్దుబాటు పక్కకి చూశాడు. దుప్పటి కప్పిన కుర్చీ. దాని వెనక గోడ.

"ఏ పెద్దావిడయ్యా?"

"ఇందాకట్నుంచీ అక్కడే నిలబడ్డారు కదా సార్? నేనూ రెండు మూడు సార్లు పలకరించాను. పలకలేదు. చెయ్యి మాత్రం ఇట్లా ఊపుతూనే ఉన్నారు." పెయింటరు అరచెయ్యి ముందుకు చాపి అటూ ఇటూ ఊపి చూపించాడు. వద్దు వద్దన్నట్టుగా. "మీకేదో చెబుతున్నారు అనుకున్నా."

"ఈ వాసనకి నీ బుర్ర తిరిగినట్టుంది. వెళ్లి టీ తాగు."

పెయింటరు భుజాలెగరేసి వెళ్లిపోయాడు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు సన్నబడి ఆగిపోయింది. సర్దుబాటు కుర్చీని గోడకి దూరంగా జరుపుకున్నాడు. ఎందుకు జరిగానని తనని తానే తిట్టుకున్నాడు. తర్వాత టెస్టింగ్ అక్కకి ఫోన్ చేశాడు. ఏదో ఒక మనిషి గొంతు వినాలనిపించింది.

"అక్కా, ఆ డ్రాయింగ్ టీచర్ వాళ్లమ్మగారి ఖాతా నుంచి రిక్వెస్టులొస్తున్నాయి. టోకెన్ ఎప్పుడో చచ్చిపోయింది."

"టాబ్లెట్ బీరువాలోనే ఉందా?"

"ఉంది. చార్జింగ్ కూడా లేదు."

"ఆ టోకెన్‌ని ఎవరైనా కాజేశారేమో చూడు. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఆ మనిషని నమ్మేస్తుంది సర్వర్. అది మొహాలు చూడదు కదా."

"చెల్లని టోకెన్‌ని కాజేసి ఎవరేం చేసుకుంటారక్కా?"

"అదీ నిజమే..." అంది అక్క. "ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు 'చిన్న సవరణ' అని పెట్టావే, అదేంటి?"

సర్దుబాటు ఫోన్‌ని ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"నేనడిగిందే జరిగింది కదూ? ఆవిడ బటన్ నొక్కితే నీ కోడ్ లాగిన్ పేజీ చూపించింది. అంతేనా?" అక్క గొంతు కోపంగా లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. "ఆ పిల్ల తన వల్లే అమ్మ పోయిందనుకుంటోంది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. ఉద్యోగం పోతే పోనీ."

"చెబుతానక్కా."

"ఎప్పుడు?"

"చెబుతాను."

ఫోన్ పెట్టేశాడు. టీచరు నంబరు తీశాడు. దాని మీద వేలు ఆనించి, అలాగే కూర్చుండిపోయాడు. ఏమని మొదలుపెట్టాలి? మీ అమ్మని నేనే గడప బయట నిలబెట్టేశానండీ, అనా? ఇన్నాళ్లూ మీరు ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నానండీ, అనా? చెప్పకపోతే ఆ పిల్ల జన్మంతా ఆ బరువు మోస్తూనే ఉంటుంది. చెబితే ఆ పిల్ల కళ్లలో తను ఏమవుతాడో తలుచుకునే ధైర్యం లేదు.

అప్పుడు స్క్రీన్ మీద కొత్త వరస వచ్చింది. ఎర్ర బటన్. టోకెన్ గడువు తీరింది. నాలుగువందల ఒకటి.

వెంటనే ఇంకోటి.

ఇంకోటి.

ఆ పెద్దావిడ తలుపు కొడుతున్నట్టే ఉంది. ఏం చెప్పాలనుకుంటోంది? రికార్డయిన చప్పుడు రిక్వెస్ట్‌లోనే ఉంటుంది. కానీ టోకెన్ చెల్లకపోతే సర్వర్ దాన్ని విప్పదు. వినాలంటే లోపలికి రానివ్వాలి... అంతే కదా. ఆ రోజు రానివ్వలేదు. ఇవాళ రానిస్తే సరి. పాపం, ఒక్కసారి ఆ మాటేదో వినేస్తే ఆవిడకీ శాంతి, తనకీ శాంతి. టీచరుకి తర్వాత చెప్పుకోవచ్చు.

కుళాయి కింద గిన్నె పెట్టే మనిషి అంతకన్నా ఏం ఆలోచిస్తాడు? ఒక వాక్యం రాశాడు. ఈ ఒక్క ఖాతాకి మాత్రం టోకెన్ గడువు చూడొద్దు, వస్తే కొత్త టోకెన్ ఇచ్చి లోపలికి పంపు. నర్సుకి అనవసరంగా ఫోన్ వెళ్లకుండా ఆ ముక్క ఆపేశాడు. జాగ్రత్తపరుణ్ణేనని కాస్త తృప్తి కూడా పడ్డాడు. తాళాల సంగతి వేరే బృందం చూస్తుంది. ఆ కోడ్ అతని కళ్లెదుట లేదు, కాబట్టి మనసులోకీ రాలేదు.

మార్పుని సర్వర్‌కి ఎక్కించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

వాన చప్పుడు ఎక్కువైంది. పెయింటు వాసన ఉన్నట్టుండి పోయింది. దాని స్థానంలో బామ్ వాసన... పక్కనుంచే. దుప్పటి కప్పిన కుర్చీ వైపు చూడకూడదనుకున్నాడు. చూడలేదు.

రిక్వెస్ట్ వచ్చింది.

రెండువందలు. రావచ్చు, అంది సర్వర్.

రికార్డింగ్ విచ్చుకుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీట నొక్కాడు. మొదట ఏమీ లేదు. తర్వాత ఊపిరి. తీరిగ్గా, లోతుగా. ఆ తర్వాత, చెవిలో పెదాలు ఆనించి చెప్పినంత దగ్గరగా...

"తలుపు తియ్యి బాబూ. ఎంతసేపని నిలబడను?"

మెత్తటి గొంతు. నింపాదైన గొంతు. సర్దుబాటుకి ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది. ఖాళీ హాల్లో దుప్పట్ల మధ్య పైకే అన్నాడు. "తప్పు నాదేనమ్మా... నాదే... క్షమించు."

ఇంకో రికార్డింగ్ వచ్చింది.

"తీశావా... చల్లగా ఉండు నాయనా."

తర్వాత అడుగులు. గచ్చు మీద వట్టి పాదాలు. ఒకటి... ఆగి... ఇంకొకటి. మంచాన ఉన్న మనిషి ఎలా నడుస్తోంది అనుకున్నాడు. పోయినవాళ్లకి మంచమేమిటిలే అని మళ్లీ తనే సర్దుకున్నాడు.

మూడోది వచ్చింది. అందులో మాటల్లేవు. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. ఎవరో చిన్నగా కూనిరాగం తీస్తున్నారు. బ్రష్షుని గ్లాసులో నీళ్లలో కడుగుతున్న గలగల. ఆ కూనిరాగం దూరంగా మొదలై... దగ్గరవుతోంది. పాడేవాళ్లు కదలడం లేదు. వినేవాళ్లే దగ్గరకెళుతున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది తాళం.

తాళాల పేజీ తెరిచాడు. డ్రాయింగ్ టీచరు ఇంటి వీధి తలుపు: తెరిచి ఉంది.

ఈసారి ఏమని మొదలుపెట్టాలో ఆలోచించలేదు. నంబరు నొక్కేశాడు.

"హలో, ఎవరండీ?"

"నేనండీ, కంపెనీ నుంచి. ఆ రోజు మీకు మంచినీళ్లిచ్చాను..."

"ఆఁ, గుర్తున్నారు. మంచి టైముకి చేశారు. మా తలుపు ఇందాక దానంతటదే తెరుచుకుంది. మీరేమైనా నొక్కారా?" ఆవిడ గొంతులో నవ్వు ఉంది. బొమ్మ వేసుకుంటూ మాట్లాడుతున్నట్టుంది.

"ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా టీచర్ గారూ?"

"నేనొక్కదాన్నే. ఎవరుంటారు?"

"మీరు ఒకసారి బయటికి రండి. కాదు... ముందు ఒక మాట వినండి. పాస్‌వర్డ్ వల్ల కాదండీ. మీ వల్ల కానే కాదు. ఆ రోజు అమ్మగారిని అసలు పాస్‌వర్డే అడక్కూడదు. అడిగేలా రాసింది నేను. నాకు ముందే తెలుసు. చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను."

అవతల బ్రష్షు గలగల ఆగిపోయింది.

"ఇన్నాళ్లూ అమ్మని నేనే చంపుకున్నాననుకున్నానండీ." గొంతు చాలా చిన్నగా ఉంది. "అమ్మ గదిలో లైటు వెయ్యడానికి కూడా మొహం చెల్లలేదు నాకు. ఆ రోజు నా చేతికి గ్లాసు ఇచ్చారే... అప్పుడు నోటిదాకా వచ్చే ఉంటుంది కదా ఈ మాట?"

"వచ్చిందండీ."

"మింగేశారు."

"మింగేశానండీ." చెంపలు తుడుచుకున్నాడు. "అందుకే ఆవిడ రోజూ పిలుస్తున్నారు. ఇప్పుడే గొంతు విన్నాను. తలుపు తియ్యమన్నారు. ఆ రోజు తియ్యలేదు కదాని... తీశాను."

"ఎవరి గొంతు?"

"అమ్మగారిది."

"మీరేం మాట్లాడుతున్నారు?" అంది టీచరు. "మా అమ్మకి మాట పడిపోయి చాలా ఏళ్లయింది కదండీ. నోటితో ఎవర్నీ పిలవలేకపోతుందనేగా ఆ బటన్ పెట్టించాను."

సర్దుబాటు మెల్లగా తల తిప్పి పక్కనున్న గోడ వైపు చూశాడు. పచ్చి రంగు మీద, మనిషి భుజమంత ఎత్తులో, ఒక అరచెయ్యి అచ్చు. వేళ్లన్నీ విప్పి ఉన్నాయి. పలకరిస్తే పలకని మనిషి. వద్దు వద్దని చెయ్యి ఊపిన మనిషి. టీచరు వాళ్లమ్మ ఇందాకటి నుంచీ ఇక్కడే, తన పక్కనే నిలబడి ఉంది.

మరి లోపలికి రానిచ్చింది ఎవర్ని?

"టీచర్ గారూ, బయటికి వచ్చేయండి. చెప్పులు కూడా వేసుకోకండి. వచ్చేయండి!"

"ఉష్... ఆగండి." ఆవిడ గుసగుసగా అంది. "వంటింట్లోంచి ఎవరో... నన్నే పిలుస్తున్నారు..."

ఫోన్ కట్టయింది.

మళ్లీ చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. సర్దుబాటుకి తెలిసిన విద్య ఒక్కటే. ఆ వాక్యం చెరిపేశాడు. కొత్త టోకెన్‌ని రద్దు చేశాడు. తాళం వేసెయ్యమని ఆజ్ఞ పంపాడు. వీధి తలుపు: మూసి ఉంది. హమ్మయ్య అని వెనక్కి వాలాడు... అప్పుడు బుర్రలో వెలిగింది. తలుపు మూశాడు సరే. లోపల ఉన్నదేదో ఇంకా లోపలే ఉంది. టీచరు కూడా లోపలే ఉంది.

తెరవమని నొక్కాడు. స్క్రీన్ తెల్లబడింది.

'మీ గడువు తీరింది. మళ్లీ లాగిన్ అవ్వండి.'

ఈ పేజీ కూడా ఆ రోజుల్లో అతను రాసిందే. ఇంకా సర్దలేదు. పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పు. వేళ్లు మాట వినడం లేదు. మళ్లీ కొట్టాడు. తప్పు. ఆ రోజు పెద్దావిడకి ఎలా ఉండి ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. ఎన్నిసార్లు క్షమించమన్నా తెలియనిది, అప్పుడు తెలిసింది.

కంప్యూటర్ వదిలేసి డ్యూటీ నర్సుకి ఫోన్ చేశాడు. కొత్తగా చేరిన అమ్మాయి. ఆ వీధి పక్కనే ఉంటుంది. "పరిగెత్తు, కారణం అడక్కు" అన్నాడు. ఆ అమ్మాయి అడగలేదు. అతను కిటికీ దగ్గర నిలబడి, వానని చూస్తూ, టీచరు నంబరు మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉన్నాడు. ఎవరూ ఎత్తలేదు.

చివరికి నర్సే చేసింది. రొప్పుతోంది గానీ గొంతు మామూలుగానే ఉంది.

"సార్, వచ్చాను. ఇక్కడంతా బాగానే ఉంది. కంగారు పడకండి."

"టీచరమ్మని చూశావా? కళ్లారా చూశావా?"

"లేదు సార్. పెద్దావిడ తలుపు తీశారు. అమ్మాయికి ఒంట్లో నలతగా ఉందట, పడుకుందట, లేపొద్దన్నారు. పాపం, ఎంత మెత్తగా మాట్లాడారో. లోపలికి రమ్మంటారేమో అనుకున్నా గానీ తలుపేసుకున్నారు."

సర్దుబాటు ఏదో అనబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"అన్నట్టు సార్, మీకు మరీ మరీ థాంక్స్ చెప్పమన్నారు, తలుపు తీసినందుకు. తర్వాత అడిగారు, ఈ ఊళ్లో ఇలాంటి తాళాలు ఇంకా ఎన్ని ఇళ్లకి పెట్టారమ్మా అని. నాకేం తెలుసు? ఆ వివరాలన్నీ మా ఆఫీసులో సార్ దగ్గరుంటాయి, ఆయన్ని అడగండి అన్నాను. సరేనమ్మా, అడుగుతాను అన్నారు."